గజ్జెపూజకు ముందు

చిరంజీవి శ్రావ్యకు అత్తయ్య ఆశీస్సులు.

వైశాఖంలో నీ గజ్జెపూజ, నాట్యానికి నువ్వు తొలిసారి గజ్జె కట్టే రోజు అని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంతో కడుపు నిండిపోయింది. వెంటనే "అయిదు వరసల గజ్జెలు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశాను అక్కా" అన్నాడు, ఉన్న సంతోషం కాస్తా గుబులైపోయింది. అవి రాగానే వెనక్కి పంపించెయ్యమను.

గజ్జెలు చూసి కొనేవి కావు, విని కొనేవి. కంచువి తీసుకో. కొట్లోనే ఒక్కో మువ్వనూ వేలితో మీటి చూడు. బీటిచ్చినది బరబరమంటుంది, లోపలి ఇనుప గుండు ఇరుక్కున్నది అసలు పలకదు. తోలు పట్టా మీద మూడు వరసలు, కాలికి యాభై లోపు మువ్వలు నీకు చాలు. అభినయ దర్పణం అనే పాత నాట్యగ్రంథంలో వంద, రెండు వందలు అని ఉంది కదా అని మీ నాన్న వాదిస్తాడు. ఉంది, కాదనను. కంచువి కావాలనీ, నీలిదారంతో గట్టి ముడులు వెయ్యాలనీ, వాటికి నక్షత్రాలు అధిదేవతలనీ కూడా అక్కడే ఉంది. కానీ ఆ లెక్క ఆరితేరిన నర్తకికి, నీ కాళ్లకి కాదు.

పూజ సంగతి మీ గురువుగారు చూసుకుంటారు. ఆయన చేతుల మీదుగా గజ్జెలు అందుకుని కళ్లకద్దుకో, తాంబూలంలో దక్షిణ పెట్టు.

నా భయమంతా ఆ తర్వాతి సంగతి. గజ్జె కట్టగానే పిల్లలందరూ మోత కోసం నేలని బాదడం మొదలుపెడతారు. మువ్వ పలికేది బలానికి కాదే తల్లీ! దిగిన కాలు ఠక్కున ఆగితే లోపలి గుండు ఆగలేక గోడకి తగులుతుంది, అదీ ఆ మోత. కాబట్టి తట్టేటప్పుడు పాదం మొత్తం ఒక్కసారే నేలకి ఆనాలి. ముందు వేళ్లూ తర్వాత మడమా పడితే ఒక దెబ్బకి రెండు మోతలొస్తాయి, మృదంగం పక్కన ఇట్టే దొరికిపోతావు. మూడో కాలంలో, అంటే బాగా వేగంగా ఆడేటప్పుడు, ఇంకా కష్టం. బరువుకి కాలు ఆలస్యంగా లేస్తుంది, ముందు అడుగు మోత తగ్గకముందే తర్వాతది పడుతుంది, అంతా గలగలలో కలిసిపోతుంది. వినపడట్లేదని ఇంకా గట్టిగా కొడతారు. ముందు మడమ నొప్పి, తర్వాత మోకాలి కింద ఎముక పొడిచినట్టుండటం, అయినా కట్టు కట్టుకుని మరీ సాధన! అలా చేశావని తెలిస్తే బస్సెక్కి వచ్చి మరీ తిడతాను.

పూజ అయ్యాక రోజూ సాధన చివర పావుగంట గజ్జెలు కట్టు. మొదటి రెండు వారాలూ మొదటి కాలమే, నెమ్మదిగా. ఫోన్‌లో రికార్డు చేసుకుని, బొమ్మ చూడకుండా మోత మాత్రం విను. ఇంకో అభ్యాసం: గజ్జెలతోనే చప్పుడు కాకుండా గది ఈ చివర నుంచి ఆ చివరకి నడువు. పదంలో, అదే నెమ్మదిగా అభినయం పట్టే పాటలో, నాయిక గల్లుగల్లుమంటూ నడిచొస్తే ఇక విరహం ఎవరికి కనపడుతుంది? కథక్ వాళ్లయితే కాలికి నూరు మువ్వలు కట్టి ఒక్కదాన్నే పలికించి చూపిస్తారు. నీకిప్పుడా విద్యలు వద్దులే.

పట్టా చీలమండ ఎముకకి వేలెడు పైన ఉండాలి, కింద మెత్తటి నూలు గుడ్డ చుట్టు. బకిల్ లోపలి వైపుకి పెట్టుకో, లేకపోతే అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నప్పుడు, రెండు కాళ్ల మువ్వలూ ఒకదానికొకటి చిక్కుకుంటాయి. వేళ్లు తిమ్మిరెక్కితే బిగువెక్కువైనట్టు. పట్టా పాదం మీదకి జారితే మోత వెనకబడుతుంది. ప్రదర్శనకి ముందురోజు ప్రతి మువ్వనీ లాగి చూడు. ఒక్కటి తెగి అరికాలి కింద పడిందా, జారిపడతావు. దబ్బనం, నైలాన్ దారం సంచిలో పెట్టుకో. చెమట పొడిగుడ్డతో తుడువు. నీళ్లతో మాత్రం కడగకు, లోపలి గుండు తుప్పు పట్టి గొంతు పోతుంది.

అన్నట్టు, హాలు మాట్లాడేముందు వేదిక చెక్కదా, రాతి బండలదా అని తివాచీ ఎత్తి చూడమను మీ నాన్నని. బండలైతే వద్దు. అలంకరణ ఖర్చు తగ్గించుకునైనా చెక్క వేదిక ఉన్న హాలు చూడమను. చూశాక నాకు ఫోన్ చెయ్యమను.

మీ అత్తయ్య