అడోనిస్ అనే పేరుకు అర్థం ఏమిటి?

అడోనిస్ అంటే ‘ప్రభువు’. చాలామంది అనుకునేట్టు ‘అందగాడు’ కాదు. అడోనిస్ అనే యువకుడి కథ గ్రీకు పురాణాల్లో స్థిరపడినా, మాట మాత్రం గ్రీకులది కాదు. ఇప్పటి లెబనాన్ తీరంలో ఒకప్పుడు ఉండిన ఫినీషియన్లు ‘అదోన్’ అనే మాటను ప్రభువు, దొర అనే అర్థంలో వాడేవారు. గ్రీకులు ఆ పిలుపునే పేరుగా తీసుకుని, చివర తమ భాషకు తగ్గట్టు ‘ఇస్’ తగిలించుకున్నారు. హీబ్రూలో దేవుణ్ణి సంబోధించే ‘అదోనాయ్’ (తెలుగు చర్చిల్లోనూ వినబడే మాటే) ఈ కోవలోదే.

మరి అందం ఎక్కడిది? ప్రేమదేవత ఆఫ్రొడైటీయే మోహించిన యువకుడు కాబట్టి, కథలోని రూపం పేరుకు అంటుకుంది. మన్మథుడంటే ‘మనసును మథించేవాడు’ అయినా, మనం అందగాణ్ణి అలా పిలవడం లేదూ?