పన్నెండు కోళ్ల లెక్కను వందతో హెచ్చవేయకండి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. మా ఆయన తాపీ మేస్త్రి. పెరట్లో 12 పెట్టలున్నాయి. ఏడు గ్రామప్రియ అనే మెరుగైన పెరటి రకం, ఐదు నాటువి. ఏడాది మీద చూస్తే నెలకు సగటున 130 గుడ్లు వస్తాయి. ఇంట్లోకి 40 పోగా, మిగిలిన 90 ఒక్కొక్కటి 12 రూపాయలకు అమ్ముతాను. 1,080 రూపాయలు. నూకలు, తవుడు ఇంట్లోవే కాబట్టి మేత ఖర్చు లేదు. పన్నెండింటికే ఇంత వస్తే వంద కోళ్లకు తొమ్మిది వేలు రావాలి కదా! గొలుసు కుదువ పెట్టి 60 వేలు తెచ్చి, సగంతో షెడ్డు వేసి, సగంతో వంద పెట్టలు కొందామని మా తమ్ముడు అంటున్నాడు. మా అత్తగారు మాత్రం ‘మన వాకిట్లో రాలింది ఎన్నింటికి సరిపోతే అన్నే కోళ్లుండాలి’ అంటున్నారు. మాకు ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఉత్తరంతో పాటు మీరు పంపిన క్యాలెండర్ ఫోటోను చాలాసేపు చూశాను. ప్రతి తేదీ గడిలో పెన్సిలుతో ఆ రోజు గుడ్ల సంఖ్య. 5, 4, 6, మళ్లీ 4. ఒక గడిలో అంకె లేదు, ‘ముంగిస’ అని ఉంది. పక్క ఖాళీలో ‘టీచరు గారు 14, కిరాణా కొట్టు 9’. నెలకు లక్ష సంపాదించేవాళ్ల లెక్కలు కూడా నా దగ్గరికి వస్తుంటాయి. ఇంత నిజాయితీగా రాసుకున్నవి తక్కువ. కాబట్టి మీ లెక్కతోనే మాట్లాడతాను.

అత్తగారి మాటే సరైనది. ఆవిడ దాన్ని సామెతలా చెప్పారు గానీ అందులో పక్కా గణితం ఉంది. మీ పన్నెండు కోళ్లు లాభంలో ఉండటానికి కారణం అవి సగం మేత తామే వెతుక్కోవడం. పెంటకుప్పలో పురుగులు, కళ్లంలో రాలిన గింజలు, గట్టు మీద గడ్డి, అంట్లు కడిగిన చోట మెతుకులు. ఇది మీ పెరడు ఇచ్చే కూలి లేని మేత. కోళ్లు వంద అయ్యాయని పెరడు ఎనిమిది రెట్లు కాదు. పదిహేను, మహా అయితే ఇరవై కోళ్ల తర్వాత వచ్చే ప్రతి కోడీ దుకాణం మేత మీదే బతకాలి.

ముందు ఇప్పటి లెక్క సరిచేద్దాం. మేత ఖర్చు లేదన్నారు, అది నిజం కాదు. పెరట్లో తిరిగే కోడికి కూడా రోజుకు 40 గ్రాములైనా చల్లుతారు. పన్నెండింటికి నెలకు 14 కిలోల పైమాట. ఆ నూకలు, తవుడు మీరు అమ్మినా డబ్బే వచ్చేది. కిలో 25 అనుకుంటే 360 రూపాయలు. మందులు, గుడ్డు పెంకు గట్టిపడటానికి వేసే నత్తగుల్లల పొడి కలిపి 60. ముంగిసకో పిల్లికో పోయేవాటి కోసం, ముసలివైన పెట్టల స్థానంలో కొత్తవి కొనడానికి నెలకు 75 పక్కన పెట్టాలి. మొత్తం 495.

ఆదాయంలో మీరు వదిలేసింది కూడా ఒకటుంది. ఇంట్లో తిన్న 40 గుడ్లు. వాటికి 12 చొప్పున వేయకూడదు. కోళ్లు లేకపోతే మీరు కొనేది ఫారం గుడ్డే కాబట్టి ఏడు రూపాయల చొప్పున వేద్దాం. 280. అమ్మకం 1,080తో కలిపితే 1,360. ఖర్చు తీసేస్తే మిగిలేది 865. పైసా అప్పు లేకుండా, పొద్దున అరగంట, సాయంత్రం గంప మూసే పాటి పనితో వచ్చిన 865. చిన్న మొత్తం అనుకోకండి.

ఇప్పుడు తమ్ముడు చెప్పిన వంద కోళ్లు. తొంభై బతికి గుడ్లు పెడుతున్నాయని, అన్నీ గ్రామప్రియలేనని అనుకుందాం. పూర్తి మేత వేస్తారు కాబట్టి గుడ్లు కూడా పెరుగుతాయి. నెలకు ఒక్కో పెట్ట 17 చొప్పున 1,530. మీకు అనుకూలంగానే లెక్క వేస్తున్నాను, కావాలని తగ్గించడం లేదు.

ఆ 1,530 గుడ్లు ఎవరు కొంటారు? మీ ఊళ్లో 12 రూపాయలిచ్చి కొనేవాళ్లను నాలుగు రెట్లు పెంచుకున్నా 400 దాటవు. మిగతా 1,130 చీపురుపల్లికో విజయనగరానికో తీసుకెళ్లి వ్యాపారికి వేయాలి. ఆయన నాటు గుడ్డు అని 12 ఇవ్వడు. ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఆ రోజు ప్రకటించిన ఫారం గుడ్డు ధర చూసుకుని, దాని మీద ఏదో కొంచెం వేస్తాడు. ఎనిమిది అనుకుందాం. మొత్తం 13,840 రూపాయలు.

ఖర్చుకు వద్దాం. పూర్తి మేత మీద ఉన్న పెట్ట రోజుకు 110 గ్రాములు తింటుంది. తొంభైకి నెలకు 297 కిలోలు. కిలో 30 చొప్పున 8,910. ఇక్కడే మూడొంతుల్లో రెండొంతుల డబ్బు వెళ్లిపోయింది. మందులు, టీకాలు 500. ఊక, బల్బు 300. పట్నానికి రానుపోను 800. దారిలో పగిలినవి, పాడైనవి 400. 300 పెట్టి కొన్న పెట్టను పదిహేను నెలల తర్వాత మాంసానికి 200కు అమ్ముతారు. చచ్చినవి కూడా కలుపుకుంటే నెలకు 800 తరుగు. నూటికి రూపాయి వడ్డీ వేసినా 60 వేలకు 600. అన్నీ కలిపి 12,310.

మిగిలేది 1,530.

కోళ్లు ఎనిమిది రెట్లు. లాభం రెండు రెట్లు కూడా కాలేదు. దాన్నంతా అసలుకే కట్టినా 60 వేలు తీరడానికి మూడేళ్లు దాటుతుంది. పెట్టలేమో ఏడాదిన్నరకే గుడ్లు తగ్గిస్తాయి. షెడ్డు అరుగుదల, మీరు రోజుకు అదనంగా పడే మూడు నాలుగు గంటల కష్టం నేను లెక్కలో వేయనే లేదు. గుడ్లకు దగ్గరపడిన పెట్టలు కాకుండా ఒక రోజు పిల్లలను తెస్తే ఇంకో చిక్కు. గ్రామప్రియ తొలి గుడ్డు పెట్టడానికి అయిదు నెలలు దాటుతుంది. అన్నాళ్లూ మేత, వడ్డీ మీ మీదే.

ఇక కోళ్లను గుంపులుగా చంపే కొక్కెర తెగులు. పన్నెండు కోళ్లలో పది పోతే బాధ. వందలో తొంభై పోతే గొలుసు పోయినట్టే. మేస్త్రి గారిది పని దొరికిన రోజే కూలి వచ్చే ఆదాయం. వానలు పట్టుకుంటే వారాల తరబడి పని ఆగుతుంది. అలాంటి ఇంట్లో మెడలో గొలుసు నగ కాదమ్మా, ఆసుపత్రి ఖర్చుకు దాచుకున్న డబ్బు. దాన్ని కోళ్ల కాళ్లకు కట్టకండి.

అలాగని పన్నెండు దగ్గరే ఆగిపొమ్మని అనను. ఇరవై వరకు వెళ్లండి, అప్పు లేకుండా. ఎలాగంటే, నాటు పెట్ట పొదుగుకు కూర్చున్నప్పుడు దాని కింద గుడ్లకు బదులు, టీకా వేసిన ఒక రోజు పిల్లలు ఎనిమిదీ పదీ చీకటి పడ్డాక మెల్లగా పెట్టండి. తెల్లారేసరికి తన పిల్లలే అనుకుంటుంది. వెచ్చదనానికి బల్బు ఖర్చు లేదు, గద్ద వస్తే అరిచి రెక్కల కింద దాచేది అదే. గ్రామప్రియ పెట్ట సాధారణంగా పొదగదు. పైగా దాని గుడ్లను పొదిగించినా వచ్చే తరం తల్లి అంత బాగా పెట్టదు. అందుకే ఐదు నాటు పెట్టలనూ ‘తక్కువ పెడుతున్నాయి’ అని తీసేయవద్దు. కనీసం మూడింటిని ఉంచండి. తెచ్చిన పిల్లల్లో సగం పుంజులే అవుతాయని మాత్రం ముందే అనుకోండి. వాటిని సంక్రాంతికి, కనుమ కూరకు అమ్మితే పిల్లల ఖర్చు చాలావరకు తిరిగి వస్తుంది. పందెం బరికి కావాలని ఎవరైనా ఎక్కువ ధర చెబితే ఆ బేరం వద్దు. అది చట్టం ఒప్పుకోని పని.

కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆర్‌టూబీ టీకా వేయించాలి. ఇవి రెండూ కొక్కెర తెగులుకే. పశువైద్యశాలలో అడగండి. పిల్లలు ఎక్కడ దొరుకుతాయన్నది తెలుసుకోవాలంటే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి ఒకసారి వెళ్లి రండి. చీపురుపల్లిలో రైలెక్కితే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలోనే.

ధర విషయంలో మీరు పొరపాటు చేస్తున్నారు. నాటు గుడ్డు, గ్రామప్రియ గుడ్డు ఒకే బుట్టలో వేసి ఒకే ధరకు ఇస్తున్నారు. రెండూ గోధుమ రంగులోనే ఉంటాయి గానీ, బాలింతకు, పసిపిల్లలకు కావాలని వచ్చేవాళ్లు అడిగేది అసలైన నాటు గుడ్డునే. బుట్టలు వేరు చేయండి. నాటువి 15కు, గ్రామప్రియ 11కు ఇవ్వండి. గ్రామప్రియ గుడ్డు పెద్దది కాబట్టి 11 ఇచ్చినవాళ్లకూ నష్టం లేదు, ఏది ఏదో చెప్పి అమ్మినందుకు మీ మాటకు విలువ ఉంటుంది.

క్యాలెండర్లో ఇంకొకటి కనిపించింది. కార్తీక మాసంలో మీ అమ్మకం 50 గుడ్లకు పడిపోయింది. మార్గశిరం గురువారాలు కూడా పలచగానే ఉన్నాయి. ఊరంతా నియమంలో ఉంటే కోళ్లకు తెలియదు కదా! ఆ రోజుల్లో మిగిలిన గుడ్లను కడగకుండా నిలవ చేయండి. కడిగితే పైపొర పోయి త్వరగా చెడుతుంది. నాటు పెట్టలను పొదుగుకు వేయడానికీ అదే అదను. మీ 1,080 ఏడాది సగటు మాత్రమే. కార్తీకంలో అది ఆరు వందలు. అప్పు తెస్తే వాయిదా మాత్రం కార్తీకమని తగ్గదు.

టీచరు గారి 14, కిరాణా కొట్టు 9 అరువే కదా? 23 గుడ్లు, 276 రూపాయలు. మీ నెల లాభంలో దాదాపు మూడో వంతు. నాటు గుడ్డు కోసం వాళ్లే మీ గుమ్మానికి వస్తున్నారు కాబట్టి, నెలాఖరున అడగడానికి మొహమాటపడకండి. కిరాణా కొట్టు బాకీకి సరుకు తీసుకున్నా సరే.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నది మీరు అడగలేదు గానీ, నా పని అదే. మా మేనత్త వజ్రపుకొత్తూరు వైపు ఉండేది. గుడ్ల డబ్బు చోళ్ల (రాగుల) డబ్బాలో దాచేది. ఎంత ఉందో ఆవిడకూ తెలియదు, అడిగినవాళ్లకల్లా అందులోంచే తీసి ఇచ్చేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి జీడిచెట్లతో పాటు కోళ్ల గూడు కూడా పోయింది. మళ్లీ నాలుగు కోళ్లు కొందామని డబ్బా బోర్లిస్తే చోళ్లే ఎక్కువ రాలాయి.

మీరు ముందు పోస్టాఫీసులో మీ పేరున పొదుపు ఖాతా తెరిచి నెలకు 200 వేయండి. అది కోళ్లది. గూడు కప్పుకు, మందుకు, పోయిన పెట్ట స్థానంలో కొత్తదానికి తప్ప తీయకూడదు. పాపకు పదేళ్లు నిండలేదు కాబట్టి అదే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి నెలకు 500 కట్టండి. ఇది రాసే నాటికి వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి ప్రభుత్వం ప్రకటిస్తుంది. పదిహేనేళ్లు కడితే చాలు, ఖాతా తెరిచిన ఇరవై ఒక్క ఏళ్లకు చేతికి వస్తుంది. ఇదే వడ్డీ కొనసాగితే మీరు కట్టిన 90 వేలు సుమారు 2,75,000 అవుతుంది. పాపకు పద్దెనిమిదేళ్లు వచ్చాక చదువు కోసం సగం వరకు తీసుకోవచ్చు. ఏ నెలైనా తక్కువ పడితే భయం లేదు. ఏడాదికి 250 కట్టినా ఖాతా నిలుస్తుంది.

సారవ కర్రల మీద నిలబడి పని చేసే మనిషికి ప్రమాద బీమా లేకపోవడం నన్ను అన్నింటికంటే కలవరపెట్టింది. మేస్త్రి గారి బ్యాంకు ఖాతా నుంచి ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. మీ గుడ్లు రెండింటి ధర కూడా కాదు, రెండు లక్షల రక్షణ. జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436, ఏ కారణంతో మరణించినా రెండు లక్షలు. యాభై ఏళ్ల లోపువాళ్లకే చేర్పు. రెండూ జూన్ నుంచి మే వరకు ఉంటాయి కాబట్టి మే నెలాఖరుకు ఆ ఖాతాలో 456 తప్పకుండా ఉంచండి. దీన్ని ఈ వారమే చేయండి, కోళ్ల సంగతి తర్వాత.

పన్ను గురించి ఒక్క మాట. కోళ్ల ఆదాయం వ్యవసాయ ఆదాయం కిందికి రాదు, వ్యాపార ఆదాయమే. అయితే మీ మొత్తానికి పన్ను ఊసే ఉండదు. పెంకుతో అమ్మే తాజా గుడ్డుకు జీఎస్టీ కూడా లేదు.

తమ్ముడితో గొడవ పడకండి. ఇరవై కోళ్లు అయ్యాక, వరుసగా మూడు నెలలు మేతంతా కొన్నట్టే ధర వేసి క్యాలెండర్ మీద రాయండి. గుడ్ల కోసం వచ్చి, లేవంటే తిరిగి వెళ్లినవాళ్లు అడిగిన గుడ్లను కూడా ఒక మూల గుడ్డుకో గీత గీసి లెక్కపెట్టండి. ఆ గీతలు నెలకు రెండు వందల గుడ్లు దాటితే అప్పుడు నాకు మళ్లీ ఫోటో పంపండి. అప్పటికీ గొలుసు మెడలోనే ఉండాలి. డబ్బు అవసరమైతే మీ డ్వాక్రా సంఘంలో అడుగుదాం.