చట్టసభలో పనిచేయాలంటే ఎన్నికల్లో గెలవాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ పొలిటికల్ సైన్స్ చివరి ఏడాది. చట్టసభలు, అధికారాల విభజన అంటే ప్రాణం పెడుతుంది. ఎన్నికల్లో నిలబడే స్తోమత మాకు లేదు. ఈ ఇష్టంతో ఉద్యోగం వస్తుందా, బ్యాంకు కోచింగ్‌లో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: ఫీజు కట్టే ముందు ఒక్క నెల ఆగండి.

చట్టం చేసేది చట్టసభ, అమలు చేసేది ప్రభుత్వం, తీర్పు చెప్పేది కోర్టు అని అమ్మాయి చదివే ఉంటుంది. అమెరికాలో కాంగ్రెస్ (అక్కడి చట్టసభ) సభ్యులు మంత్రి పదవిలో ఉండకూడదు. మన దగ్గర తిరగేసి ఉంది: మంత్రి అయినవారు ఆరు నెలల్లో సభలో సభ్యులు కాకపోతే పదవి పోతుంది. ప్రభుత్వం సభలోంచే పుడుతుంది కాబట్టి, దాని చేత జవాబు చెప్పించడమే మన చట్టసభ అసలు పని అంటాను నేను.

ఆ పని సభ్యులు ఒంటరిగా చేయలేరు, వెనక సిబ్బంది కావాలి. ఆ సిబ్బంది కూడా ప్రభుత్వం మనుషులే అయితే ఇక అడిగేదెవరు? అందుకే పార్లమెంటు ఉభయసభలకు రాజ్యాంగంలోని 98వ అధికరణం, రాష్ట్రాల చట్టసభలకు 187వ అధికరణం విడిగా సచివాలయం ఇచ్చాయి. (మనవైపు సచివాలయం అనగానే వార్డు సచివాలయమో వెలగపూడో గుర్తొస్తుంది. ఇది వేరు, సభకే సొంతమైన కార్యాలయం.) కమిటీలకు కాగితాలు సిద్ధం చేసేవారు, పరిశోధన చేసేవారు, సభలో మాటలను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేవారు, అనువాదకులు అందరూ అక్కడి ఉద్యోగులే. పోస్టులు మాత్రం తక్కువ, నోటిఫికేషన్ కోసం ఎదురుచూడాలి.

ఇంకో దారి, చట్టసభల పనిమీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్. ఏ డిగ్రీ అయినా సరే, వయసు 25 దాటకూడదు. ఒక ఎంపీ దగ్గర ఉండి ప్రశ్నలు, ప్రసంగాలకు సమాచారం తయారుచేయాలి. ఏడాది లోపే అయిపోతుంది కాబట్టి స్థిరమైన ఉద్యోగం అనుకోకండి. ఆ తర్వాత లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేస్తే అనుభవం అక్కరకొస్తుంది.

ఇక ఆ నెల సంగతి. లోక్‌సభ వెబ్‌సైట్‌లో నక్షత్రం గుర్తు ప్రశ్నలుంటాయి. వాటికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. పంట బీమా మీద ఒకటి తీయమనండి. మంత్రి ఇచ్చిన జవాబు చదివి, ఎక్కడ దాటవేశారో పట్టుకుని, తను ఎంపీ అయితే ఏం అడిగేదో రెండు ప్రశ్నలు రాయమనండి. నెలలో పది చేయాలి. మూడోదానికే విసుగొస్తే నిశ్చింతగా బ్యాంకు కోచింగ్‌లో చేర్పించండి. పదీ పూర్తిచేసి పదకొండోది వెతుక్కుంటే ఆ కాగితాలు నాకు పంపండి, చూస్తాను.