కెమెరా కన్నా ముందు హెడ్‌ఫోన్

చిట్టితల్లీ,

షార్ట్ ఫిల్మ్ తీస్తావని, కెమెరా కొంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషమూ ఉంది, టెన్షనూ ఉంది. 4కే ఉంటే చాలన్నావట! ఆ మాటకే ఈ ఉత్తరం.

4కే అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంటుంది. షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం), ఐరిస్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా రంగుల సర్దుబాటు) చేత్తో మార్చుకునే వీలుందో లేదో అది చూడు. సెకనుకి 25 ఫ్రేముల్లో తీస్తే షట్టర్ 1/50 సెకను పెట్టుకో. ఆటోకి వదిలేస్తే షాట్ మధ్యలో వెలుతురు దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కొన్ని ఫోటో కెమెరాల్లో వీడియో 29 నిమిషాల 59 సెకన్లకే ఆగిపోతుంది. వేడెక్కి ఆగిపోయేవీ ఉన్నాయి. 100 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున, గంట తీస్తే 45 జీబీ, దాన్నిబట్టి కార్డులు కొను. బ్యాటరీలు మూడుండాలి. డబ్బంతా కెమెరాకే పోసేసి ట్రైపాడ్‌కి మళ్ళీ మీ అమ్మని అడక్కు.

హెడ్‌ఫోన్ జాక్ లేని కెమెరా మాత్రం, బొమ్మ ఎంత బాగున్నా సరే, కొనకు. కొన్నావో, నాకు చూపించకు.

మినీ డీవీ టేపుల కాలంలో నేను కొన్న మొదటి కెమెరాకి మైక్ జాక్ ఉంది, హెడ్‌ఫోన్ జాక్ లేదు. నాకప్పుడు బొమ్మ మీదే ధ్యాస. ముందుగా మా అమ్మని, అదే మీ అమ్మమ్మని, కిటికీ పక్కన కూర్చోబెట్టి మెడ దగ్గర కాలర్ మైక్ తగిలించాను. గంట టేపులు మూడు అయిపోయాయి. చిన్నప్పటి కబుర్లు చెప్పింది, పాడింది, ఒకచోట నవ్వేసి "ఇది తీయకురా" అంది. నాకన్నీ వినిపించాయి మరి! కెమెరాకి ఏం వినిపిస్తోందో చూసుకోవాలన్న బుద్ధి లేకపోయింది. ఆ మైక్‌కి చిన్న స్విచ్ ఉంది. నేను వెయ్యలేదు. బయటి మైక్ పెట్టగానే కెమెరాలోని మైక్ పనిచేయదని కూడా నాకు తెలీదు. మూడు టేపుల్లోనూ సన్నటి గుయ్యిమనే మోత, కదిలే పెదాలు. ఆవిడకి చెప్పడానికి సిగ్గేసింది. మళ్ళీ తీద్దాంలే అనుకుంటూ ఏడాది గడిపేశాను. ఈలోగా ఆవిడే వెళ్ళిపోయింది. నువ్వు నవ్వితే అచ్చం అమ్మమ్మే అంటాను కదా, ఎప్పుడైనా వినిపించానా?

అందుకే షాపుకి మైక్, హెడ్‌ఫోన్ వెంట తీసుకెళ్ళు. రెండూ పెట్టి రికార్డ్ చేసి విను. మైక్ లెవెల్ చేత్తో మార్చడం కుదురుతుందో లేదో చూడు. లేకపోతే ఎవరూ మాట్లాడనప్పుడు అదే లెవెల్ పెంచేసి ఫ్యాన్ మోతంతా ఎక్కిస్తుంది. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనీ.

నా హెడ్‌ఫోన్ పంపిస్తున్నాను. కుడివైపు కాస్త వదులు, చేత్తో నొక్కి పట్టుకోవాలి. కెమెరా రాగానే ముందు మీ అమ్మని కూర్చోబెట్టు. ఇప్పుడెందుకే అంటుంది, వదలకు.

మీ మామయ్య