సందేహాలు – జవాబులు: మూడు సేనలూ ఒకేలా ఎందుకున్నాయి?

ప్రశ్న: క్రీ.పూ. మూడో శతాబ్దం నేపథ్యంగా ముగ్గురం మిత్రులం కలిసి కంప్యూటర్‌లో యుద్ధవ్యూహాల గేమ్ చేస్తున్నాం. మగధ, కళింగ, ఆంధ్ర అని మూడు పక్షాలు. అక్షౌహిణి లెక్క ప్రకారం ఏనుగు 1, రథం 1, గుర్రాలు 3, బంటులు 5 చొప్పున పెట్టాం. ఏ పక్షం తీసుకున్నా ఆట ఒకేలా ఉంటోంది. ఎక్కడ తప్పాం?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అక్షౌహిణి దగ్గరే తప్పారు. 21,870 ఏనుగులు, అన్నే రథాలు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది బంటులు అన్నది ‘పత్తి’ని (మీరు పెట్టిన 1, 1, 3, 5ల చిన్న దళం పేరు అదే) ఏడుసార్లు మూడింతలు చేసి, ఆఖర్న పదితో హెచ్చవేస్తే వచ్చే అంకె. పద్యానికి బాగుంటుంది. ఐదుగురు బంటులకో ఏనుగును మేపాలంటే మాత్రం ఏ ఖజానా చాలదు. క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున అలెగ్జాండర్ మాసిడోనియన్ సేనకు ఎదురుగా పోరస్ రాజు నిలిపిన సేనకు గ్రీకు చరిత్రకారుడు ఆరియన్ ఇచ్చిన లెక్క చూడండి: ఏనుగులు 200, రథాలు 300, గుర్రాలు 4,000, కాల్బలం 30,000. ఏనుగుకు 150 మంది బంటులన్నమాట.

మీ మూడు పక్షాలకూ రోమన్ రచయిత ప్లినీ అంకెలున్నాయి. ఆంధ్రులకు కాల్బలం 1,00,000, గుర్రాలు 2,000, ఏనుగులు 1,000. కళింగకు 60,000, 1,000, 700. పాటలీపుత్రపు రాజుకు, అంటే మీ మగధకు, 6,00,000, 30,000, 9,000. మొత్తాలను నమ్మకండి, పరాయివాళ్లు విని రాసినవి. నిష్పత్తులు తీసుకోండి చాలు. సేనకు 20 కార్డులనుకుందాం, ఒక్కో కార్డు ఒక దళం. కార్డుకు 120 మంది చొప్పున బంటుల కార్డులు 15 పెడితే 1,800 మంది. దానికి ఆంధ్ర పక్షాన 18 ఏనుగులు, 36 గుర్రాలు వస్తాయి. అంటే తొమ్మిదేసి ఏనుగుల కార్డులు రెండు, గుర్రాల కార్డు ఒకటి. సేనాపతికొకటి పోగా మిగిలిన ఒక్క కార్డు ఆటగాడి ఇష్టం. మగధకు ఇదే లెక్కన 27 ఏనుగులు, 90 గుర్రాలు పడతాయి.

ఇప్పుడు కళింగ కట్టండి: 21 ఏనుగులు, 30 గుర్రాలు. ఆంధ్రకూ దానికీ తేడా ఏముంది? కార్డుల్లోకి మారిస్తే ఏమీ లేదు! లెక్కలతో మగధ వేరవుతుంది గానీ ఈ రెండూ వేరవవు. అందుకే ‘ఎంతమంది’ అన్నది పక్కనపెట్టి ‘ఎక్కణ్ణుంచి వచ్చారు’ అని అడగాలి.

దీనికి అర్థశాస్త్రంలో తయారుగా ఒక వర్గీకరణ ఉంది: మౌల (తరతరాల కొలువు), భృత (జీతగాళ్లు), శ్రేణి (వృత్తి సంఘాల సేన), మిత్ర, అమిత్ర (శత్రువు నుంచి వచ్చినవాళ్లు), అటవీ (అడవి జనం) బలాలు. వరసలో ముందున్నది తర్వాతిదానికంటే మేలు. యూనిట్‌కు ఆయుధం రాసే ముందు ఈ ఆరింటిలో ఏదో రాయండి. మౌలం ధైర్యం ఎక్కువ, కానీ పోతే తిరిగి నింపడానికి ఆరేడు టర్నులు పట్టాలి. భృతం డబ్బున్నచోటల్లా దొరకాలి, జీతం ఆగిన టర్నులోనే కరిగిపోవాలి. అటవీ బలం అడవి గళ్లలోనే, చవగ్గా దొరకాలి. అది, అమిత్ర బలం దోపిడీ కోసమే వస్తాయన్నది అర్థశాస్త్రం మాటే. కాబట్టి శత్రువు శిబిరం పడగానే మీ మాట వినకుండా అటు మళ్లాలి.

మగధకు మౌలం, భృతం ధారాళంగా ఇవ్వండి. ఆంధ్రులకు 30 ప్రాకార పట్టణాలని ప్లినీ అంటాడు గనుక ఊరూరికీ ఒక శ్రేణి బలం ఇవ్వండి: గోడ మీద గట్టిది, సొంత ప్రాంతం దాటితే నీరసించేది. కళింగ ఏనుగులు శ్రేష్ఠమని అర్థశాస్త్రమే చెబుతుంది. మేలుజాతి గుర్రాలేమో వాయవ్యాన ఉన్న కాంభోజ, సింధు ప్రాంతాలవి. అందుకని కళింగకు ఏనుగులు ఇంట్లో పుట్టాలి, గుర్రాలు కొనుక్కోవాలి. వాయవ్య దారి మూసుకుపోతే ఆశ్వికదళం తిరిగి నిండకూడదు. పక్షానికి రుచి వచ్చేది దాని లోటు నుంచే.

ప్రశ్న: మా విలుకాళ్లు నడుస్తూనే బాణాలేసి అందర్నీ చంపేస్తున్నారు. బాణం దెబ్బ తగ్గించమంటారా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: దెబ్బ తగ్గించకండి, కాళ్లు కట్టేయండి. ఆరియన్ వర్ణించిన భారతీయ విల్లు మనిషంత పొడవు. కింద నేలకు ఆనించి, ఎడమ కాలితో నొక్కిపట్టి నారి లాగాలి. బాణం మూడు మూరలకు కాస్త తక్కువ. డాలూ కవచమూ దాన్ని ఆపలేవట. ఇలాంటి విల్లు నడుస్తూ వేసేది కాదు. ఆగాక 4 సెకన్లు నిలదొక్కుకోవడానికి, బాణానికీ బాణానికీ మధ్య 8 సెకన్లు పెట్టి చూడండి. బురదలో ఈ రెండూ రెట్టింపు చేయండి, విల్లు కొన జారుతుంది. అలాగని దగ్గరికొస్తే పేలిపోయే కాగితపు బొమ్మల్లా చేయకండి. వాళ్ల నడుముకు మూడు మూరల పొడవున్న వెడల్పాటి కత్తి ఉంది, రెండు చేతులా ఝళిపిస్తారు. కవచమే ఉండదు.

ప్రశ్న: ధైర్యం పోయిన ఏనుగులు బుద్ధిగా మ్యాప్ అంచుకు పరిగెత్తి మాయమవుతున్నాయి.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బంటుల కోడ్‌నే ఏనుగులకూ వాడుంటారు. మావటికి, ఏనుగుకు ప్రాణం విడివిడిగా లెక్కపెట్టండి. మావటి చచ్చిన ఏనుగు దగ్గర్లో ఎక్కువమంది ఉన్న గుంపు మీదికి పోవాలి, ఎవరివాళ్లని చూడకూడదు. జీలం పోరులో జరిగింది అదే: మావటీలు బాణాలకు కూలారు, ఇరుకులో చిక్కిన ఏనుగులు అయినవాళ్లనీ కానివాళ్లనీ తొక్కేశాయి. మాసిడోనియన్లకు వెనక్కి జరగడానికి చోటుంది, పోరస్ మనుషులకు లేదు. కాబట్టి ఏనుగుల కార్డు వెనక కనీసం ఒక కార్డు మేర ఖాళీ లేకపోతే సొంత నష్టం ఎక్కువయ్యేలా రాయండి. ఏనుగు వాసన ఎరగని గుర్రాలకు బెదురు పెట్టండి; ఈ మూడు పక్షాల గుర్రాలకు వద్దు, వాటికది అలవాటే.

ప్రశ్న: రథాలు తీసేయాలా?
– అదే పాఠకుడు

జవాబు: మగధకు ఉంచండి, గట్టినేల మీద మాత్రమే పరిగెత్తించండి. జీలం దగ్గర పోరస్ కొడుకు తెచ్చిన రథాలు బురదలో కూరుకుపోయాయి. ఆంధ్రుల లెక్కలో ప్లినీ రథాల ఊసే ఎత్తలేదు, మీరూ ఎత్తకండి.