‘మై ఫాదర్ ఈజ్ సీరియస్’ అనొచ్చా?

ఇంట్లో ఒకరికి సీరియస్‌గా ఉందని ఇంగ్లీషులో చెప్పాలంటే ‘హీ ఈజ్ సీరియస్’ అంటే సరిపోతుందా అని అడిగారు. అనకండి. నేను అలా రాసి ఇబ్బంది పడ్డాను.

మాది హనుమకొండ దగ్గర పల్లె. హైదరాబాద్‌లో పనిచేసేటప్పుడు ఒక సాయంత్రం చిన్నాయిన ఫోన్ చేసి, "బాపుకు సీరియస్ ఉన్నది బిడ్డా, జల్ది రా" అన్నాడు. వణికే చేతులతోనే లండన్‌లో ఉండే మా టీమ్ లీడ్‌కు ‘మై ఫాదర్ ఈజ్ సీరియస్, ఐ హావ్ టు గో’ అని మెసేజ్ పెట్టాను. ‘సీరియస్ అబౌట్ వాట్?’ అని జవాబు వచ్చింది. అందులో వెటకారం లేదు. మా నాన్న ఏదో విషయంలో గట్టిగా పట్టుబట్టాడని ఆయనకు అర్థమైంది, అంతే. మళ్లీ వివరంగా రాసి, సెలవు తీసుకుని ఉప్పల్‌లో బస్సెక్కేసరికి గంట పోయింది.

తర్వాత ఆలోచిస్తే అసలు సంగతి ‘కు’లో ఉందని తెలిసింది. "బాపుకు సీరియస్‌గా ఉంది" అంటే జబ్బు. "బాపు సీరియస్‌గా ఉన్నాడు" అంటే ఎక్కువగా కోపం మీదున్నాడనే. ఆ ‘కు’ ఇంగ్లీషులోకి రాదు. అందుకే అక్కడ సీరియస్‌ను మనిషికి కాదు, జబ్బుకో పరిస్థితికో తగిలించాలి: ‘హీ హాజ్ ఎ సీరియస్ ఇల్‌నెస్’, ‘హిజ్ కండిషన్ ఈజ్ సీరియస్’. మనిషికే తగిలిస్తే అతను తమాషాకు అనడం లేదని, లేదా శ్రద్ధ గలవాడని అర్థం: ‘షీ ఈజ్ ఎ సీరియస్ స్టూడెంట్’.

కోపానికి కూడా ఈ మాట పనికిరాదు. మన పేపర్లలో ‘హైకోర్టు సీరియస్’ అని హెడ్డింగ్ పెడతారు గానీ, ఇంగ్లీషులో దానికి యాంగ్రీ అనాలి. ‘గెటింగ్ సీరియస్ విత్ సమ్‌వన్’ అంటే ప్రేమ పెళ్లి దాకా వెళ్తోందని అర్థం కాబట్టి, మేనేజర్ మీద వాడేముందు జాగ్రత్త. ‘ఆర్ యూ సీరియస్?’ అంటే "నిజంగానా?" అనే.

ఇంకొకటి. అమెరికా ఆస్పత్రులు రోగి పరిస్థితిని గుడ్, ఫెయిర్, సీరియస్, క్రిటికల్ అని మెట్లుగా చెప్తాయి. అంటే సీరియస్ కన్నా క్రిటికల్ ప్రమాదం. మా దిక్కు లెక్క వేరే. మనిషి పోయినా, దారిలో తట్టుకోలేరని, "సీరియస్ ఉన్నది, రా" అనే ఫోన్ చేస్తారు. ఆ రాత్రి భువనగిరి, జనగామ దాటుతున్నంతసేపూ నా భయం అదే. దేవుడి దయ, బాపు ఐసీయూలో ఉన్నాడు. ఐదో రోజు లేచి కూర్చుని చాయ్ అడిగాడు.

మీరు ఆఫీసుకు రాయాల్సి వస్తే ‘మై ఫాదర్ ఈజ్ సీరియస్లీ ఇల్, ఐ నీడ్ టు లీవ్ నౌ’ అని పెట్టి బయల్దేరండి.