బెంగళూరులో రోజువారీ పనులకు ఓపెన్ సోర్స్ యాప్‌లు (అంటే కోడ్ ఎవరైనా చూడగలిగేవి) సరిపోతాయా? దేనితో మొదలుపెట్టాలి?

నన్నడిగితే కీబోర్డుతో మొదలుపెట్టండి. అందరూ ముందు బ్రౌజర్ మారుస్తారు గానీ, మీరు టైప్ చేసే ప్రతి అక్షరం వెళ్లేది కీబోర్డు గుండానే కదా. హీలీబోర్డ్ అనే ఓపెన్ సోర్స్ కీబోర్డుకి అసలు ఇంటర్నెట్ పర్మిషనే లేదు. కాబట్టి మీరు కొట్టింది బయటికి పంపడం దానికి కుదరదు. తెలుగు లేఅవుట్ కూడా ఉంది.

బ్రౌజర్‌కి ఫైర్‌ఫాక్స్, అందులో ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ వేసుకుంటే చాలు.

మ్యాప్స్ దగ్గరే చిక్కు. ఆర్గానిక్ మ్యాప్స్ యాప్, 2004లో మొదలైన, జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో నడుస్తుంది. కావాల్సిన ప్రాంతం ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా దారి చూపిస్తుంది. మారతహళ్ళి సందుల్లో పీజీ వెతుక్కోవడానికి బాగానే పనికొస్తుంది. కానీ లైవ్ ట్రాఫిక్ చూపించదు. సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డు మీదుగా వెళ్లాలంటే గూగుల్ మ్యాప్సే దిక్కు. లొకేషన్ పర్మిషన్ 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని పెట్టుకోండి.

మెసేజ్‌లకి వాట్సాప్ బదులు సిగ్నల్ యాప్ ఉంది. వాట్సాప్ మెసేజ్‌లకీ 2016 నుంచి సిగ్నల్ ప్రోటోకాల్ ఎన్‌క్రిప్షనే (మధ్యలో ఎవరూ చదవలేని రక్షణ) ఉంది. తేడా ఏమిటంటే, ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న వివరాలు సిగ్నల్ దాదాపుగా దాచుకోదు. ఊళ్లో అమ్మానాన్నల్ని సిగ్నల్‌కి మార్చడం మాత్రం మీ ఓపిక!

బ్యాంకు, యూపీఐ యాప్‌లని మాత్రం మార్చే జోలికి పోవద్దు, ఉన్నవే వాడండి. ఫోన్ రూట్ చేస్తే (అంటే సిస్టమ్‌పై పూర్తి అధికారం తీసుకుంటే) చాలావరకు అవి తెరుచుకోవు.